బోటులో పాట, పాటలో రొద



సముద్రం మీదికి వేటకు పోయే మరబోట్లు మీకు తెలుసు. ఒకసారి పోయాయంటే కొన్ని బోట్లు వారం రోజులకు గాని రేవుకు రావు. బియ్యం, మంచినీళ్లు, ఐసు, డీజిలు, వలలు అన్నీ వేసుకుని పోతాయి. వీటితోపాటు బోటులో పాటలపెట్టె కూడా ఉంటుంది. రాత్రంతా మేలుకుని వల లాగే మనుషులకు పాట ఒక తోడు. అందుకే చేతిలో నాలుగు డబ్బులు ఆడితే పాత పెట్టె తీసేస్తారు. కొత్తది పెట్టిస్తారు. పెద్ద స్పీకర్లు కట్టిస్తారు. శబ్దం పెంచడానికి యాంప్లిఫయరు అనే ఇంకో పెట్టె కూడా పెట్టిస్తారు.

అక్కడే చిక్కు వస్తుంది. పాత పెట్టెలో లేని రొద కొత్త పెట్టెలో వస్తుంది. పాట వెనకాల 'కూయ్‌' మని కూత. లేకపోతే 'జుమ్‌' మని హోరు. వేల రూపాయలు పోసి కొన్నది పాట కోసమా, రొద కోసమా?

"ఇది మగవాళ్ల సంగతి, ఆడవాళ్లకెందుకు?" అని ఎవరైనా అనవచ్చు. ఆ మాట సరికాదు. రెండు కారణాలున్నాయి. ఒకటి, ఆ పెట్టె కొన్నది ఇంటి డబ్బుతో. చేపల గంప నెత్తిన పెట్టుకుని ఊరూరా తిరిగి అమ్మిన డబ్బు అందులో ఉంది. సంఘంలో తీసుకున్న అప్పు అందులో ఉంది. రెండో కారణం ఇంకా పెద్దది. పాటలో రొద పుట్టించే తప్పే బోటులోని వైర్‌లెస్సులో మాట కూడా వినపడకుండా చెయ్యవచ్చు. అది ప్రాణాల సంగతి. దాని గురించి చివర్లో చెప్పుకుందాం.

ఎప్పుడు వస్తోంది రొద?

ఒక ఉదాహరణ తీసుకుందాం. కాకినాడ రేవులో ఒక బోటు ఉందనుకోండి. ఆ బోటు వాళ్ల ఇంట్లో ఒక అక్క ఉంది. ఈమధ్యనే చదవడం, రాయడం నేర్చుకుంది. ఒకరోజు భర్త వచ్చి ఇలా అన్నాడు.

"కొత్త యాంప్లిఫయరు పాడైపోయిందే. కొట్టు అతను ఇంకోటి వెయ్యమంటున్నాడు. సంఘంలో డబ్బు అడుగు."

"డబ్బు సంగతి తరవాత మావా. ఆ రొద ఎప్పుడొస్తోంది?"

"ఎప్పుడేంటే? పాట పెట్టినప్పుడల్లా వస్తోంది."

"ఇంజను ఆపినా వస్తోందా?"

భర్త జవాబు చెప్పలేకపోయాడు. అది అతను చూడలేదు.

మరునాడు భర్త, కొడుకు బోటు ఎక్కారు. అక్క గట్టు మీద నోటుపుస్తకం పట్టుకుని కూర్చుంది. ముందు ఇంజను ఆపి పాట పెట్టారు. పాట శుభ్రంగా ఉంది. తరవాత ఇంజను వేశారు. 'కూయ్‌' మని కూత మొదలైంది. ఇంజను వేగం పెంచారు. కూత ఇంకా సన్నగా, ఇంకా పైకి లేచింది. వేగం తగ్గించారు. కూత కిందికి దిగింది.

"పెట్టే పాడైతే ఇంజను ఆపినా రొద రావాలి గదా మావా! ఇంజనుతోపాటు వస్తోందంటే రోగం ఇంకెక్కడో ఉంది" అంది అక్క.

ఆమె అన్నది నిజం. రోగం తెలియకుండా మందు కొనకూడదు. పెట్టె మార్చినా ఆ రొద పోదు. డబ్బు మాత్రం పోతుంది.

రొద ఎక్కడ పుడుతుంది?

బోటులో కరెంటు బ్యాటరీ నుంచి వస్తుంది. కొన్ని బోట్లలో బ్యాటరీ 12 వోల్టులు. కొన్నింటిలో 24 వోల్టులు. ఇంజను తిరిగేటప్పుడు బెల్టు మీద ఇంకో చిన్న యంత్రం తిరుగుతుంది. చాలామంది దాన్ని డైనమో అంటారు. ఇప్పటి బోట్లలో ఉండేది ఆల్టర్నేటరు. అది కరెంటు పుట్టించి బ్యాటరీని నింపుతుంది.

బ్యాటరీ కరెంటు చెరువు నీళ్లలాంటిది. నిలకడగా ఉంటుంది. ఆల్టర్నేటరు కరెంటు అలా ఉండదు. చిన్న చిన్న అలలతో వస్తుంది. ఇంజను వేగం పెరిగితే అలలు తొందర తొందరగా వస్తాయి. ఆ అలలు పాట తీగలో దూరితే స్పీకరులో కూతగా వినిపిస్తాయి. అందుకే ఇంజనుతోపాటు కూత లేస్తుంది, దిగుతుంది.

"మరి పాత పెట్టెకు ఆ కూత ఎందుకు రాలేదు?" అని మీరు అడగవచ్చు. మంచి ప్రశ్న. పాత పెట్టె ఒక్కటే. దానికి కరెంటు కొంచెం చాలు. కొత్తవి రెండు పెట్టెలు. పాట ఒక పెట్టెలో పుడుతుంది. రెండో పెట్టెలో పెద్దదవుతుంది. రెంటికీ మధ్య ఒక పాట తీగ ఉంటుంది. ఆ తీగలో ఏది దూరినా యాంప్లిఫయరు దాన్ని కూడా పెద్దది చేస్తుంది. దానికి పాట, రొద తేడా తెలియదు.

మైనస్సు తీగలో మర్మం

కరెంటు ప్లస్సు తీగలో పోతుంది. పని చేస్తుంది. మైనస్సు తీగలో బ్యాటరీకి తిరిగి వస్తుంది. పోయేదారి ఎంత ముఖ్యమో వచ్చేదారి అంత ముఖ్యం.

మీ వీధిలో మురుగుకాలువ సంగతి చూడండి. పది ఇళ్ల నీళ్లు ఒకే సన్న కాలువలో పోవాలంటే ఏమవుతుంది? నీళ్లు నిలిచిపోతాయి. ఇళ్లలోకి ఎగదన్నుతాయి. మైనస్సు తీగ సన్నదైనా, చిలుము పట్టినా అలాగే అవుతుంది. పంపు కరెంటు, దీపాల కరెంటు, ఆల్టర్నేటరు అలలు అన్నీ ఆ దారిలోనే తోసుకుంటాయి.

ఇంకో సంగతి. పాటలపెట్టె మైనస్సు ఒక చోట బిగించారు. యాంప్లిఫయరు మైనస్సు వేరే చోట బిగించారు. రెండు చోట్లా మట్టం ఒకటిగా ఉండదు. కొంచెం తేడా ఉంటుంది. మట్టం తేడా ఉంటే నీళ్లు పారినట్టే, ఆ తేడా పాట తీగలోంచి పారుతుంది. అదే రొద.

కారులో పాటలు పెట్టేవాళ్లు మైనస్సు తీగను దగ్గరున్న ఇనుము మీద బిగిస్తారు. కారు ఒళ్లంతా ఇనుమే. అదే మైనస్సు దారి. బోటు అలాంటిది కాదు. బోటు ఒళ్లు చెక్క, లేదా ఫైబరు. వాటిలో కరెంటు పారదు. బోటులో ప్రతి మైనస్సుకూ తీగ ఉండాలి. ఆ తీగ బ్యాటరీ దాకా రావాలి.

ఉదాహరణలోని బోటులో జరిగింది ఇదే. కారు పని తెలిసిన మెకానిక్కు యాంప్లిఫయరు మైనస్సు తీగను ఇంజను బోల్టుకు బిగించాడు. అక్కడ రంగు ఉంది. రంగు కింద తుప్పు ఉంది.

రొదను బట్టి రోగం

పిల్లవాడు ఏడిస్తే ఆకలి ఏడుపో, కడుపునొప్పి ఏడుపో తల్లికి తెలుస్తుంది. రొద కూడా అంతే. చెవిపెట్టి వినాలి.

ఇంజను వేగంతోపాటు లేచి దిగే కూత అయితే ఆల్టర్నేటరు వైపు చూడాలి.

ఇంజను వేగంతోపాటు 'టిక్కు టిక్కు' మంటే స్పార్కు ప్లగ్గు వైపు చూడాలి. ఇది పెట్రోలు మోటార్లలో వస్తుంది. డీజిలు ఇంజనుకు స్పార్కు ప్లగ్గు ఉండదు.

ఇంజను ఆపినా ఒకేలా 'జుమ్‌' మంటే దీపాలు, సెల్లు ఛార్జరు, ఇన్వర్టరు చూడాలి.

ఆగి ఆగి వస్తే నీళ్లు తోడే పంపు చూడాలి.

బోటు ఊగినప్పుడు 'గరగర' మంటే ఎక్కడో తీగ వదులైంది.

ఎప్పుడూ సన్నగా 'స్స్‌' మంటుంటే యాంప్లిఫయరు మీద గెయిన్ అనే మర ఎక్కువ తిప్పారేమో చూడాలి. అది శబ్దం పెంచుకునే మర కాదు. దాన్ని తగ్గించి, పాటలపెట్టె దగ్గర శబ్దం పెంచుకోవాలి.

ఐదు పరీక్షలు

ఈ పరీక్షలకు డబ్బు అక్కర్లేదు. ఓపిక కావాలి. ఒకసారి ఒక్కటే మార్చాలి. రెండు కలిపి మారిస్తే రొద దేనివల్ల పోయిందో తెలియదు.

1. ఇంజను ఆపి వినండి. వేసి వినండి. వేగం పెంచి వినండి.

2. దీపాలు, పంపు, ఛార్జరు, చేపల జాడ చూపే యంత్రం ఒక్కొక్కటే ఆపండి. దేన్ని ఆపితే రొద ఆగిందో చూడండి. సెల్లును ఛార్జింగులో పెట్టి, తీగతో పాట పెడితే చాలాసార్లు రొద వస్తుంది. ఛార్జరు పీకితే పోతుంది. కారణం పట్టుబడినట్టే.

3. పెన్ డ్రైవ్ పాట పెట్టి వినండి. తరవాత రేడియో పెట్టి వినండి. రెండింటిలోనూ రొద ఉంటే అది చాలావరకు తీగల్లోంచి వస్తోంది. రేడియోలో మాత్రమే ఉంటే గాలిలోంచి ఏరియల్‌ ద్వారా వస్తోంది.

4. పెట్టెలు ఆపి, యాంప్లిఫయరు దగ్గర పాట తీగ ఊడదీయండి. మళ్లీ యాంప్లిఫయరు వేసి వినండి. రొద పోయిందా? అయితే అది పాట తీగలోంచి, పాటలపెట్టె వైపు నుంచి వస్తోంది. పోలేదా? అయితే యాంప్లిఫయరు కరెంటు తీగలు, స్పీకరు తీగలు చూడండి.

5. పెట్టెలు ఆపి, పాటలపెట్టె మైనస్సు, యాంప్లిఫయరు మైనస్సు పాతచోటు నుంచి ఊడదీయండి. రెంటినీ దళసరి తీగలతో తిన్నగా బ్యాటరీ మైనస్సుకు కలపండి. మళ్లీ వేసి వినండి. రొద తగ్గితే పాత మైనస్సు దారిలోనే తప్పు ఉంది.

అక్క గట్టు మీద కూర్చుని ఒక్కొక్క పరీక్షా రాసింది. ఆమె పుస్తకంలో ఇలా ఉంది.

ఇంజను ఆపితే: రొద లేదు.
ఇంజను వేస్తే: కూత ఉంది.
దీపాలు, పంపు ఆపితే: కూత పోలేదు.
పెన్ డ్రైవ్ పెడితే: కూత ఉంది. రేడియో పెడితే: కూత ఉంది.
పాట తీగ పీకితే: కూత పోయింది.
మైనస్సులు రెండూ బ్యాటరీకి కలిపితే: కూత పోయింది.

ఆరు ముక్కలు. ఈ ఆరు ముక్కలు చూస్తే ఏ మెకానిక్కుకైనా రోగం తెలిసిపోతుంది. ఇంకో యాంప్లిఫయరు కొనాల్సిన పని లేదని ఇంటివాళ్లకూ తెలిసిపోతుంది.

బాగుచేసే వరస

తక్కువ ఖర్చు పని ముందు చెయ్యాలి. ఎక్కువ ఖర్చు పని చివరికి పెట్టుకోవాలి.

మొదట శుభ్రం. ఉప్పుగాలికి రాగి తీగ మీద పచ్చటి చిలుము పడుతుంది. ఉప్పుకాగితంతో రుద్ది మెరిసేలా చెయ్యాలి. గట్టిగా బిగించాలి. పైన కొంచెం గ్రీజు రాయాలి.

రెండోది మైనస్సు. రెండు పెట్టెల మైనస్సులూ ఒకే చోటికి తేవాలి. అక్కడి నుంచి దళసరి తీగ బ్యాటరీకి పోవాలి. ఎంత దళసరి? చిన్న లెక్క వేద్దాం. యాంప్లిఫయరు 120 వాట్లు తీసుకుంటోంది. బ్యాటరీ 12 వోల్టులు. 120ని 12తో భాగిస్తే 10. అంటే 10 ఆంపియర్ల కరెంటు పారుతుంది. దానికి సరిపోయే తీగ అడిగి కొనాలి. దూరం ఎక్కువైతే ఇంకా దళసరి తీగ వెయ్యాలి. మైనస్సు తీగ ప్లస్సు తీగ కంటే సన్నగా ఉండకూడదు.

మూడోది తీగల దారి. పాట తీగను, కరెంటు తీగను కలిపి కట్టకూడదు. మధ్యలో జానెడు ఎడం ఉండాలి. దాటక తప్పకపోతే అడ్డంగా, కూడలిలో రోడ్లు దాటినట్టు దాటించాలి.

ఇవన్నీ చేసినా రొద పోకపోతే అప్పుడు రొదను వడగట్టే ఫిల్టరు కొనాలి. ముందే ఫిల్టరు కొంటే పుండు కడగకుండా కట్టు కట్టినట్టు ఉంటుంది.

జాగ్రత్తలు

బ్యాటరీ దగ్గర బీడీ, అగ్గిపుల్ల వెలిగించకూడదు. బ్యాటరీ నుంచి మండే గాలి వస్తుంది.

ఇనుప గాజులు, బంగారు గాజులు, ఉంగరాలు తీసి పని చెయ్యాలి. ప్లస్సుకు, మైనస్సుకు మధ్య లోహం పడితే క్షణంలో కాలిపోతుంది. మెడలో గొలుసు వేలాడకుండా చూసుకోవాలి.

ఇంజను తిరిగేటప్పుడు బెల్టు దగ్గరికి పోకూడదు. కొంగు, జడ, లుంగీ చిక్కుకుంటాయి.

ఇంజను తిరిగేటప్పుడు బ్యాటరీ తీగ ఊడదీయకూడదు. ఆల్టర్నేటరు కాలిపోవచ్చు.

బ్యాటరీ తీగలు ఊడదీసేటప్పుడు ముందు మైనస్సు తియ్యాలి. కలిపేటప్పుడు మైనస్సు ఆఖరున కలపాలి.

ప్లస్సు తీగకు బ్యాటరీ దగ్గరలోనే ఫ్యూజు ఉండాలి. ఫ్యూజు పోతే దాని మీద ఉన్న అంకె చదవండి. అదే అంకె ఉన్నది వెయ్యండి. 10 బదులు 30 వెయ్యకూడదు. రాగి తీగ ముక్క అసలే చుట్టకూడదు. నడిసముద్రంలో బోటుకు నిప్పంటుకుంటే ఎక్కడికి పరుగెడతారు?

తీగ రంగు చూసి నమ్మకండి. పెట్టె మీద ఉన్న గుర్తు చదవండి. కూడిక గుర్తు ప్లస్సు. అడ్డగీత మైనస్సు.

పాట కాదు, ప్రాణం

ఉదాహరణలోని బోటులో కూత పోయింది. అందరూ సంతోషించారు. సాయంత్రమైంది. కొడుకు బోటు మీద కొత్త ఎల్‌ఈడీ దీపం వేశాడు. పాట బాగానే ఉంది. కాని పక్కనున్న వైర్‌లెస్సులో 'బుస్స్‌' మని శబ్దం మొదలైంది. దీపం ఆర్పితే ఆగింది.

"అమ్మా, ఇది పాటకు అడ్డం రావడం లేదు గదా. పోనీలే" అన్నాడు కొడుకు.

"పాట వినకపోతే ఏమీ కాదురా. పిలుపు వినకపోతే?" అంది అక్క.

ఆ మాట అందరూ గుర్తు పెట్టుకోవాలి. కొన్ని ఎల్‌ఈడీ దీపాలు వైర్‌లెస్సుకు అడ్డు తగులుతాయి. 2018లో అమెరికా తీరరక్షక దళం ఈ సంగతి మీద పడవలవాళ్లందరికీ హెచ్చరిక ఇచ్చింది. ఇలాంటి దీపాలు వెలుగుతున్నప్పుడు వైర్‌లెస్సులో పిలుపు సరిగా అందకపోవచ్చని చెప్పింది. సముద్రం మీద ఆపద వస్తే పిలిచేది వీహెచ్‌ఎఫ్‌ వైర్‌లెస్సులో 16వ చానలు. ప్రపంచమంతా అదే. ఆ చానలు రొదలో మునిగిపోతే పక్క బోటు కేక కూడా వినపడదు.

పరీక్ష చాలా తేలిక. దీపాలన్నీ ఆర్పి వైర్‌లెస్సు వెయ్యాలి. మాటలు లేని చానలు పెట్టాలి. స్క్వెల్చ్ అనే మరను బుసబుస వినిపించేదాకా తిప్పాలి. మళ్లీ వెనక్కి, బుస ఆగేంతవరకు మాత్రమే తిప్పాలి. ఇప్పుడు దీపాలు ఒక్కొక్కటే వెయ్యాలి. ఏ దీపం వేస్తే బుస తిరిగి వచ్చిందో అది మార్చాలి. లేదా వైర్‌లెస్సుకూ ఏరియల్‌కూ దూరంగా పెట్టాలి. అక్క కొడుకు ఆ దీపాన్ని దూరంగా జరిపాడు. బుస తగ్గింది గాని పూర్తిగా పోలేదు. ఆ దీపం తీసేసి వేరేది పెట్టారు.

1996 నవంబరు 6న కోనసీమ మీద పెద్ద తుఫాను పడింది. వెయ్యిమందికి పైగా చనిపోయారు. వేటకు పోయిన జాలర్లు ఎందరో తిరిగి రాలేదు. ఆ రోజు రేవుల్లో ఎదురుచూసిన తల్లులు, భార్యలు ఈనాటికీ ఉన్నారు. ఇప్పుడు విశాఖపట్నంలో తుఫాను హెచ్చరిక కేంద్రం ఉంది. హైదరాబాదులో 1999లో పుట్టిన ఇన్‌కాయిస్‌ సంస్థ సముద్రం ఎలా ఉందో చెబుతుంది. చెప్పేవాళ్లు చెబుతున్నారు. కాని ఆ మాట బోటులోని మనిషి చెవిన పడాలి. ఆ చెవికీ మాటకీ మధ్య రొద ఉండకూడదు.

తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్‌ 15 నుంచి జూన్‌ 14 వరకు 61 రోజులు వేట నిషేధం. బోట్లు రేవులో ఉంటాయి. వలలు బాగుచేసుకునే రోజులు అవి. తీగలు బాగుచేసుకోవడానికి కూడా అదే అదను. ఆ రోజుల్లో ఒక పూట కూర్చుని ఈ ఐదు పరీక్షలు చేయించండి. మీరు అడగండి. మీరు రాయండి. కొత్త పెట్టె కొనమని ఎవరైనా చెబితే మీ పుస్తకం తెరిచి చూపించండి.

ఆలోచించండి, చర్చించండి

1. ఇంజను ఆపితే రొద పోయింది. అప్పుడు తప్పు ఎక్కడ వెతకాలి?
2. బోటులో మైనస్సు తీగ బ్యాటరీ దాకా ఎందుకు రావాలి?
3. యాంప్లిఫయరు 60 వాట్లు తీసుకుంటోంది. బ్యాటరీ 12 వోల్టులు. ఎన్ని ఆంపియర్లు పారుతుంది?
4. మీ ఇంటివాళ్ల బోటులో వైర్‌లెస్సు దగ్గర ఏ దీపాలు ఉన్నాయి? అడిగి తెలుసుకుని రాయండి.